ఇంటి దగ్గర కారు ట్యాంకులోంచి పెట్రోలు తోడాలంటే

కొడుకు దుబాయిలోనో హైదరాబాదులోనో ఉంటాడు. కారు మాత్రం శ్రీకాకుళం జిల్లా సోంపేట పక్క ఊళ్ళో, వాకిట్లో గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఉద్దానం ఊళ్ళలో ఇలాంటి బళ్ళు కొత్త కాదు. పండక్కి వచ్చినవాళ్ళు తాళం తిప్పితే ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. "పెట్రోలు పాడైపోనాది, తోడీవాల" అని ఒకరంటారు. ఇంకొకరు మొక్కలకి నీళ్ళు పెట్టే గొట్టం ముక్క కోసుకొస్తారు. ఒక కొస ట్యాంకులో, రెండో కొస నోట్లో. "ఏటౌతాది బావూ, సిన్నప్పట్నించీ ఇలాగే తీస్తన్నాం కదా!"

ఆ గొట్టం నోట్లోకి వెళ్ళకముందే మీరు ఇది చదవాలని నా కోరిక. పెట్రోలు తోడడం పెద్ద విద్యేమీ కాదు, గొట్టం సరిగ్గా దిగితే అరగంట పని. తోడుతున్నంతసేపూ, ఆ తరవాత మరో గంటా దాని ఆవిరిని కాచుకోవడమే అసలు పని.

ముందు, తోడక్కర్లేదేమో చూడండి

మూడు నాలుగు నెలలు నిలబడినంత మాత్రాన పెట్రోలు పనికిరాకుండా పోదు. ట్యాంకులో జాగా ఉంటే కొత్త పెట్రోలు కొట్టించి, నెమ్మదిగా ఒక ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పితే చాలు. నిలబడిన బండి స్టార్టు కాకపోతే ముందు బ్యాటరీని అనుమానించండి, పెట్రోలు సంగతి తరవాత. బ్యాటరీ చూడకుండా ట్యాంకు మీద పడేవాళ్ళంటే నాకు చిరాకు.

ఏడాది దాటిందంటే మాట వేరు. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది నూటికి ఇరవై పాళ్ళ దాకా ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. ఇథనాల్ తేమని తనలోకి లాక్కుంటుంది. మన తీరం గాలిలో తేమకి లోటు లేదు. నీళ్ళ పాలు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోలునుంచి విడిపోయి, ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. పంపు పీల్చేది ఆ అడుగునుంచే. పైన మంచి పెట్రోలు ఎంతున్నా ఇంజనుకి అందేది ఆ నీళ్ళ మడ్డే.

డీజిలు బండిలో నీళ్ళు చేరినట్టు డాష్‌బోర్డు మీద దీపం వెలిగితే మాత్రం ట్యాంకు జోలికి వెళ్ళకండి. చాలా డీజిలు బళ్ళలో ఫిల్టరు అడుగున చిన్న మర ఉంటుంది. దాన్ని వదులు చేసి నీళ్ళు దించేస్తే పని అయిపోతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో దాని బొమ్మ ఉంటుంది.

తోడక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వరద ఒకటి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసినవాళ్ళం మనం. నాగావళి, వంశధార పొంగినప్పుడు నీళ్ళు ట్యాంకు ఎత్తు దాటి నిలిచిన బండిని స్టార్టు చేయకుండా, ట్యాంకులో ఏముందో ముందు చూసుకోవాలి. రెండోది, ట్యాంకు కారుతున్నా, లోపలి పంపు మార్చాలన్నా బరువు దించడానికి తోడాలి. మూడోది, పెట్రోలు బదులు డీజిలో, డీజిలు బదులు పెట్రోలో కొట్టించుకోవడం.

ఈ మూడోదాంట్లో డీజిలు బండిలో పెట్రోలు పడడం పెద్ద ప్రమాదం. డీజిలుకి జిడ్డు ఉంటుంది, ఇంజనుకి ఇంధనాన్ని వాయుపీడనానికి వందల రెట్ల ఒత్తిడితో పంపే పంపుకి ఆ జిడ్డే రక్షణ. పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. పంపు అరిగి, ఆ లోహపు పొడి ఇంజెక్టర్లలోకి చేరితే రిపేరు ఖర్చుకి కళ్ళు తిరుగుతాయి. కాబట్టి పొరపాటు తెలిసిన క్షణంనుంచి తాళం ముట్టుకోవద్దు. ఇంజను స్టార్టు చేయడం మాట అటుంచి, తాళం ఒక మెట్టు తిప్పినా చాలా బళ్ళలో ట్యాంకులోని పంపు ఆడడం మొదలెడుతుంది. ఎచ్చెర్ల దగ్గరో నరసన్నపేట దగ్గరో హైవే బంకులో అలా జరిగితే బండిని న్యూట్రల్‌లో పెట్టి పక్కకి తోయించండి. అక్కడినుంచి లాక్కెళ్ళేది మెకానిక్ షెడ్డుకే, ఇంటికి కాదు. ఎందుకంటే గొట్టంతో తోడితే ట్యాంకు అడుగున రెండు మూడు లీటర్లు ఎలాగూ మిగిలిపోతాయి. నీళ్ళు చేరని పాత పెట్రోలు విషయంలో ఆ మిగులు ఫర్వాలేదు, డీజిలు బండిలో పెట్రోలు విషయంలో పర్వా ఉంది.

కింద రాసింది పెట్రోలు కార్ల గురించి. డీజిలుకీ ఇదే పద్ధతి. హైబ్రిడ్, సీఎన్‌జీ కిట్టు ఉన్న బళ్ళని ఇంట్లో విప్పొద్దు.

కనిపించనిది ఎక్కడికి పోతుంది

మంట అంటుకునేది ద్రవానికి కాదు, దాని ఆవిరికి. పెట్రోలు ఆవిరి నిప్పందుకోవడానికి ఎండ అక్కర్లేదు. దాని ఫ్లాష్ పాయింటు, అంటే అంటుకునేంత ఆవిరి లేచే కనీస వేడి, దాదాపు మైనస్ 40 డిగ్రీలు. పుష్యమాసం తెల్లవారుజామున, మంచు కురుస్తున్నప్పుడు కూడా మూత తీసిన ట్యాంకు దగ్గర అగ్గిపుల్ల గీస్తే ఒక్కటే ఫలితం. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు ఆవిరి కలిస్తే చాలు, అంటుకుంటుంది.

ఈ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నేలమీద పల్లానికి నీళ్ళలా పారుతుంది. వాకిలి వాలు వీధి కాలువ వైపు ఉంటే కాలువలోకి, సంపు మూత సందు ఉంటే సంపులోకి. ట్యాంకు దగ్గర మీకు వాసన తగ్గిందంటే ఆవిరి పోయినట్టు కాదు, పక్కకి జరిగినట్టు. పది పదిహేను అడుగుల అవతల ఎక్కడో నిప్పు తగిలి, మంట వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తి ట్యాంకు దగ్గరికి చేరగలదు.

డీజిలుకి ఆ దూకుడు లేదు. కానీ ఇప్పుడు మన బంకుల్లో వచ్చే బీఎస్6 డీజిలుకి ఫ్లాష్ పాయింటు కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. ఏప్రిల్, మే నెలల్లో మన మధ్యాహ్నం దాన్ని తేలిగ్గా దాటుతుంది. "డీజిలే కదా" అనేది చలికాలపు మాట.

చోటు

శ్రీకాకుళం, విజయనగరం పట్నాల్లో కొత్త ఇళ్ళకి కారు పోర్టికోలో ఉంటుంది. మూడువైపులా గోడ, కింద సంపు, పక్కనే మోటారు స్విచ్చు. తోడడానికి ఇంతకన్నా చెడ్డ చోటు లేదు. బండిని బయటికి, ఆరుబయటికి తోయండి. పల్లెలో ఉంటే కళ్ళం గుర్తొస్తుంది గానీ, కళ్ళంలో గడ్డికుప్ప ఉంటుంది. వేసవిలో పూరిళ్ళ వీధి ఒక్క రవ్వకి వరసంతా పోవడం మన జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. ఇళ్ళకీ, గడ్డికీ, పొయ్యికీ కనీసం యాభై అడుగుల దూరంలో, చదునైన గట్టి నేల, పక్కన బావీ కాలువా లేని చోటు వెతకండి. దొరక్కపోతే ఆ పని మీ ఇంటి దగ్గర చేసేది కాదు.

పొద్దున్న ఏడూ ఎనిమిది మధ్య మంచి వేళ. వెలుతురు ఉంటుంది, ఎండ ఉండదు. రాత్రిపూట టార్చి పెట్టుకుని, సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ, మొదలెట్టొద్దు. గాలి మీ వీపుకి తగిలేటట్టు నిలబడాలి, అప్పుడు ఆవిరి మీనుంచి అవతలికి పోతుంది. గాలి పోయే వైపు ఎవరి ఇల్లుందో కూడా చూడండి.

ఇప్పుడు నిప్పు సంగతి. గ్యాసు పొయ్యి, అగరొత్తులు, బీడీ, ఇవి అందరికీ తెలుసు. మన దగ్గర ఇంకోటుంది, అడ్డపొగ. నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ముసలమ్మలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. బయటికి నిప్పు కనబడదు. "ఏటి బావూ, ఆ కంపు?" అని ఆవిడ దగ్గరికొచ్చి, చుట్ట నోట్లోంచి తీసి మాట్లాడిందాకా మీకు తెలీదు. అందుకని పని మొదలెట్టకముందే అటూ ఇటూ ఇళ్ళవాళ్ళకి చెప్పండి. గుంటల్ని, అంటే పిల్లల్ని, ఇంకో వీధికి పంపండి. వీడియో తీస్తానన్న బామ్మర్దిని కూడా.

ఎవరూ గుర్తుపెట్టుకోనిది బోరు మోటారు. ఆటోమేటిక్ స్టార్టరు పెట్టించుకున్న ఇంట్లో కరెంటు పోయి రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది. స్టార్టరు లోపల కాంటాక్టులు కలిసినప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. దగ్గర్లో మోటారు, కూలరు, ఇన్వర్టరు ఏదున్నా ట్యాంకు మూత తీయకముందే ఆపేయండి. మూత తీశాక మాత్రం ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు. ఆపడంలోనూ రవ్వ ఉంది.

సామాను

మొదట డబ్బా. పెట్రోలుకి పెట్రోలు డబ్బాయే కావాలి, మర మూత బిగిసే లోహపు క్యాను. 1934 నాటి పెట్రోలియం చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అమ్మకానికి కాకుండా 30 లీటర్ల లోపు పెట్రోలుకి లైసెన్సు అక్కర్లేదు. కానీ గట్టి మూత ఉన్న గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలోనే ఉంచాలి. లోహమైతే ఒక్కో పాత్ర 25 లీటర్ల లోపు, గాజూ పింగాణీ అయితే లీటరు లోపు. ఊరగాయ జాడీకి ఉన్న గౌరవం ఆ చట్టంలో నీళ్ళ సీసాకి లేదు. మంచినీళ్ళ ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యానులో పోసి బాత్‌రూములో దాచడం మన ఇళ్ళలో మామూలే గానీ, అది మానండి. ప్లాస్టిక్ క్యాను మీద పుట్టే స్థిర విద్యుత్తుకి పోయే దారి ఉండదు, మూత దగ్గర చిటుక్కుమంటుంది.

పంపు. పూర్వం డిపోల్లో పీపాలోంచి కిరసనాయిలు తోడిన చేతిపంపు గుర్తుందా, పైన పిసికే బుడగ ఉన్నది? అలాంటిది హార్డ్‌వేర్ షాపులో ఇప్పటికీ దొరుకుతుంది. కానీ దాని గొట్టం పొట్టి, కారు మూతిలోంచి అడుగుదాకా చేరదు. కళింగపట్నం, భావనపాడు వైపు పడవ ఇంజన్లకి వాడే రబ్బరు బల్బు దొరికితే అది మేలు. పెట్రోలుకోసమే చేసింది, మీద బాణం గుర్తు ఉంటుంది, బాణం క్యాను వైపు ఉండాలి. దానికి అటూ ఇటూ పెట్రోలుకి తట్టుకునే పారదర్శకమైన గొట్టం బిగించుకోండి. ట్యాంకు వైపు గొట్టం సన్నగా, కాస్త బిరుసుగా ఉండాలి. మొత్తం మూడు మీటర్లకి తక్కువ కాకుండా కొనండి. కరెంటుతోనో బ్యాటరీతోనో ఆడే చవక పంపులు, నీళ్ళకోసం చేసినవి, వద్దే వద్దు. వాటి మోటారులో బ్రష్షులు రాపాడుతూనే రవ్వలు పుట్టిస్తాయి.

మిగిలినవి: నైట్రైల్ చేతి తొడుగులు, అంటే నీలం రంగులో మెకానిక్కులు వేసుకునేవి. ఆసుపత్రి రబ్బరు తొడుగులు పెట్రోలుకి ఉబ్బి చిరిగిపోతాయి. కళ్ళద్దాలు. పాత నూలు గుడ్డలు. ఒక గాజు సీసా. రెండు కొసలా క్లిప్పులున్న రాగి తీగ. ఏబీసీ పొడి నింపిన మంటలార్పే సిలిండరు, రెండు కిలోలదైనా చాలు, దాని ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూసి తెచ్చుకోండి. దాంతోపాటు రెండు బకెట్ల పొడి ఇసక. వంశధార ఒడ్డున ఉండి ఇసకకి వెనకాడకండి. నీళ్ళ బకెట్టు మంటకి పనికిరాదు, పెట్రోలు నీళ్ళమీద తేలి మంటని ఇంకా దూరం మోసుకుపోతుంది. నీళ్ళు ఒంటికి, కళ్ళకి.

బట్టలు నూలువే కట్టండి. పొందూరు ఖద్దరే కావాలని కాదు, పాత లుంగీ, నూలు చొక్కా చాలు. నైలాను, పాలిస్టరు రాపిడికి విద్యుత్తు పుట్టిస్తాయి, అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఫోను ఇంట్లో వదిలేయండి.

తోడడం

బండి ఆపి కనీసం గంటైనా కావాలి. పొగగొట్టం చల్లబడిందో లేదో ముట్టుకుని చూడండి. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి రాళ్ళు పెట్టండి. బండిని జాకీ మీద లేపి కింద దూరే పని ఇందులో లేదు.

పెట్రోలు మూత లోపలినుంచి తెరిచే బండి అయితే దాని తలుపు ముందే తెరిచి ఉంచుకోండి, బ్యాటరీ తీశాక కొన్నిటికి అది తెరుచుకోదు. తరవాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కకి కట్టేయండి. విప్పేటప్పుడు చిన్న రవ్వ వస్తుంది, అందుకే ఈ పని మూత తీయకముందు.

క్యాను నేలమీద పెట్టండి. డిక్కీలో కాదు, ప్లాస్టిక్ పట్టా మీద కాదు, మట్టి నేలమీద. ట్యాంకు అడుగుకన్నా క్యాను మూతి కిందికి ఉంటే పెట్రోలు దానంతటదే దిగుతుంది. క్యాను మరీ ఎత్తయితే నేలలో చిన్న గొయ్యి తీసి అందులో దించండి. కానీ గొయ్యిలో ఆవిరి నిలుస్తుందని మరిచిపోకండి, దాని మీదకి వంగి చూడొద్దు. ఇప్పుడు రాగి తీగ ఒక క్లిప్పు రంగు లేని చోట కారు ఇనుముకి, రెండోది క్యానుకి తగిలించండి. రెండిటి మధ్యా విద్యుత్తు తేడా పోవడానికే ఈ తీగ. పెట్టాక, పని అయి రెండు మూతలూ బిగించేదాకా తీయొద్దు. ఆపైన మీ అరచెయ్యి ఒట్టిదే కారు తలుపు ఇనుము మీద రెండు క్షణాలు ఆనించి, అప్పుడు తొడుగులు వేసుకోండి.

మూతని కొంచెం తిప్పి ఆగండి. బుస్సుమంటుంది, లోపలి ఒత్తిడి అది. అది తగ్గాక పూర్తిగా తీయండి. మొహం పక్కకి పెట్టుకోండి.

గొట్టం కొసని ఏటవాలుగా కోసి, నెమ్మదిగా మెలితిప్పుతూ దించండి. లోపల చిన్న రేకు తలుపు ఉంటుంది, దాన్ని దాటాలి. అడుగు తగిలిందనిపిస్తే ఒక అంగుళం పైకి తీయండి, లేకపోతే మడ్డి ముందు వస్తుంది. ట్యాంకు మూతి చుట్టూ సందులో నూలు గుడ్డ వదులుగా కూరండి, గాలి లోపలికి వెళ్ళే దారి ఉండాలి. గాలి వెళ్ళకపోతే పెట్రోలు ఆగిపోతుంది.

రెండో కొసని మొదట గాజు సీసాలో పెట్టి బల్బుని నాలుగైదుసార్లు పిసకండి. గొట్టంలో పెట్రోలు కదలడం కనబడుతుంది. సీసా ముప్పావు నిండగానే గొట్టం కొస ఎత్తి పట్టుకుంటే పారడం ఆగుతుంది. ఆ సీసాకి మూత బిగించి నీడలో దూరంగా పెట్టండి. ఈ నమూనా మీద తరవాత చాలా తేలుతుంది.

ఇప్పుడు కొసని క్యాను అడుగుదాకా దించి మళ్ళీ పిసకండి. గొట్టం నిండాక పిసకక్కర్లేదు. పైనుంచి ధారగా పడనివ్వొద్దు, ధార పడిన చోటే విద్యుత్తు పోగవుతుంది. అడుగునుంచి నెమ్మదిగా నిండాలి. అంతసేపూ అక్కడే నిలబడండి. టీ తాగి వద్దామనుకునే పని కాదిది.

క్యాను నిండా పోయకండి. పెట్రోలు పది డిగ్రీల వేడికి నూటికి ఒక పాలు ఉబ్బుతుంది. పొద్దున్న నింపిన ఇరవై లీటర్లు మధ్యాహ్నానికి పావులీటరు పెరిగితే దానికి చోటుండాలి. 20 లీటర్ల క్యానులో 18 దగ్గర ఆపండి. స్విఫ్ట్ లాంటి బండి ట్యాంకే 37 లీటర్లు. నిండు ట్యాంకు తోడాల్సి వస్తే ఇంట్లో మొదలెట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు. ఒక క్యానుతో అయ్యేంత ఉంటేనే దిగండి.

ఆపడానికి క్యాను వైపు కొసని క్యానులోనే ఉంచి, ముందు ట్యాంకులోంచి గొట్టం తీసి ఆ కొసని ఎత్తి పట్టుకోండి. గొట్టంలో మిగిలింది క్యానులోకి జారుతుంది. ముందు ట్యాంకు మూత, తరవాత క్యాను మూత బిగించి, అప్పుడు రాగి తీగ తీయండి. క్యాను పక్కకి తీసుకెళ్ళాక ఒక గంట వదిలేసి బ్యాటరీ కలపండి. నేలమీద పెట్రోలు చిందిందా? ఇసక చల్లి, పీల్చాక పారతో ఎత్తి ఆరుబయట పరిచి ఆరనివ్వండి. కడిగి కాలువలోకి తోయొద్దు.

గొట్టం దిగకపోతే

2010 తరవాతి బళ్ళలో చాలావాటికి గొట్టం దిగదు. బండి బోల్తా పడితే పెట్రోలు కారకుండా మూతి గొట్టం లోపల కవాటం ఉంటుంది, దొంగతనానికి అడ్డుగా జల్లెడ ఉంటుంది. రెండుసార్లు ప్రయత్నించి దిగకపోతే ఆపండి. బలంగా తోస్తే గొట్టం లోపల ఇరుక్కుంటుంది, ఆపైన ట్యాంకు దించక తప్పదు.

అలాంటప్పుడు మెకానిక్ చేసేది వేరు. కొన్ని బళ్ళలో వెనక సీటు ఎత్తితే రేకు మూత, దానికింద పంపు ఉంటాయి. పంపు ఫ్యూజు తీసి ఇంజను ఆడించి గొట్టాల్లో ఒత్తిడి పోగొట్టి, ఆ పంపు విప్పి, ఆ కన్నంలోంచి తోడతారు. మూడు నాలుగు రెట్ల వాయుపీడనంతో ఉండే గొట్టాన్ని ఆ ఒత్తిడి దించకుండా విప్పితే కళ్ళలోకి చిమ్ముతుంది. పైగా ఆవిరంతా కారు లోపల నిండుతుంది, తలుపు తెరిస్తే వెలిగే దీపం స్విచ్చు కూడా అక్కడే ఉంటుంది. ఇది షెడ్డు పని. విజయనగరంలోనైనా రాజాంలోనైనా దీనికి మెకానిక్ ఇంటికి వస్తాడు, బతిమాలాల్సిన పని లేదు.

పాత బళ్ళలో కొన్నిటికి ట్యాంకు కింద బోల్టు ఉంటుంది. చూడ్డానికి తేలిక, కానీ తుప్పు పట్టిన బోల్టు ఒక్కసారిగా ఊడితే ధార మీ మోచేతి మీదుగా చంకలోకి వస్తుంది, మీరేమో బండి కింద పడుకుని ఉంటారు. దాన్ని నేను సిఫారసు చేయను.

ట్యాంకు కారుతోంది కాబట్టి తోడుతున్నామంటే, తోడేలోపు చుక్కలు ఆగడానికి ఒంటిసబ్బు ముక్క ఆ చోట రుద్దితే కొన్ని గంటలు పట్టి ఉంచుతుంది, ఇది మన డ్రైవర్ల పాత చిట్కా. తోడాక మాత్రం "ఖాళీయే కదా" అని వెల్డింగు షాపుకి పట్టుకెళ్ళొద్దు. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం. నిండుగా ఉన్నదాంట్లో ఆవిరికి చోటు లేదు, ఖాళీదాంట్లో ఉన్నదంతా ఆవిరి, దానికి గాలి తోడు. లోపల ఆవిరి పూర్తిగా కడిగిపోకుండా దాని మీద నిప్పు పెట్టిన మనిషి బతికి బయటపడడం అదృష్టం.

తోడింది ఏం చేయాలి

నీడలో పెట్టిన సీసా ఇప్పుడు చూడండి. అడుగున గీత కొట్టినట్టు వేరే పొర కనబడితే నీళ్ళు. రంగు ముదిరి, ఘాటు తగ్గి పుల్లటి వార్నిషు వాసన వస్తుంటే పాతబడింది. తేటగా, మామూలు వాసనతో ఉంటే, ఏ పంపు మార్చడానికో తోడినదైతే, సన్నని వడపోత ఉన్న గరాటాతో తిరిగి అదే బండిలో పోసుకోండి. లీటరు నూరు రూపాయలు దాటిన సరుకు, పారబోయమని చెప్పను.

కొంచెం పాతబడిన పెట్రోలుని పాత కార్బొరేటరు మోటారుసైకిలుకి, కొత్త పెట్రోలులో నాలుగో వంతుకి మించకుండా కలిపి వాడుకుంటారు. నీళ్ళు చేరింది, డీజిలు కలిసింది మాత్రం ఏ బండికీ పోయకండి. తెలిసిన మెకానిక్ షెడ్డుకి ఇస్తే వాళ్ళు పాత నూనెతోపాటు పంపేస్తారు.

చేయకూడనివి రాస్తాను, ఎందుకంటే అన్నీ చేసేవాళ్ళు ఉన్నారు. కిరసనాయిలు స్టవ్వులో పోయడం, ఇది పేలుతుంది. జీడితోటలో రాలాకుకి నిప్పు పెట్టడానికి చల్లడం, చల్లి అగ్గిపుల్ల వెతుక్కునేలోపు ఆవిరి మీ కాళ్ళదాకా వస్తుంది. చీమల పుట్టలో, చెదల పుట్టలో పోయడం. బావి దగ్గర ఒలకబోయడం, ఆ నీళ్ళు తాగేది మీ ఇంటివాళ్ళే.

ఉంచుకోవాల్సి వస్తే క్యాను మీద "పెట్రోలు" అని పెద్దక్షరాలతో రాసి, మనుషులు పడుకోని, వంట చేయని, గాలి ఆడే విడి చోట పెట్టండి.

ఒంటి మీద పడితే, నోట్లోకి వెళితే

చర్మం మీద పడితే తడిసిన బట్ట విప్పి సబ్బుతో కడగండి. తడిసిన బట్టతో పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్ళు పోస్తూ, తరవాత డాక్టరు దగ్గరికి.

ఎవరైనా నోటితో పీల్చి మింగేశారా? ఉప్పునీళ్ళో చింతపండు పులుసో తాగించి కక్కించడం మన ఊళ్ళలో మొదటి వైద్యం. పెట్రోలుకి అది చేయకండి. కడుపులో ఉన్న పెట్రోలుకన్నా ఊపిరితిత్తుల్లోకి జారిన నాలుగు చుక్కలు ఎక్కువ చెరుపు. కక్కేటప్పుడు జారేది అక్కడికే. నోరు పుక్కిలించి, కూర్చోబెట్టి, 108కి ఫోను చేయండి. దగ్గు, ఆయాసం మొదలైనా, మొదలవకపోయినా ఆసుపత్రిలో చూపించాలి. కొందరికి గంటలు గడిచాక ముదురుతుంది.

మంట లేస్తే మొదట మనుషులు దూరం జరగాలి. క్యాను మూతి దగ్గర చిన్న మంటైతే సిలిండరు పొడిని మంట మొదట్లో కొట్టండి. ఒక్క సిలిండరుతో ఆగకపోతే వదిలేసి పరుగెత్తి 101కి చెప్పండి. బండి పోతే పోనీ.

తిరిగి నింపాక

కొత్త పెట్రోలు కనీసం అయిదు లీటర్లు పోయండి. ట్యాంకులోని పంపుకి చల్లదనం పెట్రోలే, తక్కువ ఉంటే కాలిపోతుంది. తాళం ఇంజను స్టార్టు చేయకుండా ఆన్ చేసి, అయిదు సెకన్లు ఆగి, ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే గొట్టాల్లోకి పెట్రోలు చేరుతుంది. అప్పుడు స్టార్టు చేయండి. మొదట కాస్త తడబడినా నిమిషంలో సర్దుకోవాలి. ఇంజను ఆడుతుండగా బండి కిందకి వంగి ఎక్కడైనా చుక్క పడుతోందా చూడండి, బండి కింద దూరకుండానే. నీళ్ళు చేరిన బండి అయితే ఫిల్టరు మార్పించండి. మొదటి వారం దూరప్రయాణం పెట్టుకోకుండా ఊళ్ళోనే తిప్పండి.

పెట్రోలు తడిసిన గుడ్డలు ముద్దగా చుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ఆరుబయట తీగ మీద విడివిడిగా ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే పారేయండి.